లోబడుట, మౌనం, అధికారం: సంఘంలో స్త్రీ స్థానం గురించి బైబిలులో ఏముంది, దాన్ని ఎవరెలా చదువుతున్నారు

అనంతపురం జిల్లాలో ఉరవకొండ వైపు ఒక పల్లె అనుకుందాం. రేకుల కప్పు వేసిన చిన్న ప్రార్థన మందిరం, నలభై యాభై కుటుంబాలు, ఏ మిషనుకూ చెందని స్వతంత్ర సంఘం. ఇరవై ఏళ్ళకు పైగా దాన్ని నడిపిన పాస్టరుగారు చనిపోయారు. ఊరంతా పాస్టరమ్మ అని పిలిచే ఆయన భార్య అన్నేళ్ళూ శుక్రవారం ఉపవాస కూటాలు నడిపారు, ఆదివారం బడిలో పిల్లలకు వాక్యం నేర్పారు, వేరుశనగ చేలగట్ల మీద కూర్చుని కూలి ఆడవాళ్ళ కోసం ప్రార్థన చేశారు. ఆదరణ కూటం ముగిశాక సంఘ పెద్దలు చాప పరుచుకుని కూర్చున్నారు. ఆదివారం వాక్యం ఎవరు చెప్పాలి? పాస్టరమ్మే చెప్పవచ్చా? నెల మొదటి ఆదివారం బల్ల, అంటే ప్రభురాత్రి భోజనం, ఎవరు ఇవ్వాలి? ఒక పెద్ద 1 తిమోతి రెండో అధ్యాయం తెరిచారు. ఇంకొక పెద్ద రోమా పదహారో అధ్యాయం తెరిచారు. ఇద్దరి చేతుల్లో ఉన్నది ఒకే తెలుగు బైబిలు.

ఈ పల్లె నేను ఊహించినదే గాని సందర్భం ఊహించినది కాదు. రాయలసీమ సంఘాల్లో తిరిగినవారికి ఇలాంటి చర్చ ఎప్పుడో ఒకసారి చెవిన పడే ఉంటుంది. మన ప్రాంతానికి ఈ విషయం మరొక కారణం చేత కూడా దగ్గరిది. 2013 సెప్టెంబరులో, అప్పటికి కర్నూలు జిల్లాలోనే ఉన్న నంద్యాలలో, ఎగ్గోని పుష్పలలిత దక్షిణ ఇండియా సంఘానికి, అంటే సీఎస్‌ఐకి, తొలి మహిళా బిషప్ అయ్యారు. 2025 అక్టోబరులో శారా ముల్లల్లీ అనే స్త్రీ కాంటర్‌బరీ ఆర్చిబిషప్పుగా, అంటే ఇంగ్లండు ఆంగ్లికన్ సంఘపు ముఖ్య బిషప్పుగా, ఎంపికైనట్టు ప్రకటన వెలువడినప్పుడు, పద్నాలుగు వందల ఏళ్ళుగా పురుషులే కూర్చున్న పీఠం అది గనుక, ఆంగ్లికన్ సంఘాల్లోనే కొందరు నాయకులు దాన్ని బహిరంగంగా వ్యతిరేకించారు. ఆ వాదనలన్నీ ఇప్పుడు వీడియోల రూపంలో తెలుగులోకి వచ్చి మన సంఘాల ఫోన్లలో తిరుగుతున్నాయి. వాటిలో చాలావరకు ఒక వచనాన్ని పట్టుకుని, దాని పక్క వచనాన్ని వదిలేస్తున్నాయి. అందుకే విషయాన్ని మొదటినుంచి విప్పి చూడవలసి ఉంది.

ఒకటిగా కనిపించే మూడు ప్రశ్నలు

మొదటిది ఇంటి ప్రశ్న: భార్య భర్తకు లోబడడం అంటే ఏమిటి? రెండవది కూడిక ప్రశ్న: ఆరాధనలో స్త్రీ నోరు తెరిచి ప్రార్థించవచ్చా, ప్రవచించవచ్చా, వాక్యం చెప్పవచ్చా? మూడవది పదవి ప్రశ్న: పెద్దగా, పాస్టరుగా, బిషప్పుగా స్త్రీని నియమించవచ్చా? ఈ మూడింటికీ వేర్వేరు వచనాలున్నాయి. ఒకదాని జవాబు మరొకదానికి దానంతటదే జవాబు కాదు. ఇంట్లో భర్తే శిరస్సు అని గట్టిగా నమ్ముతూ, కూడికలో స్త్రీ వాక్యం చెప్పడాన్ని సంతోషంగా వినే సంఘాలున్నాయి. చర్చ ఎక్కడ తెగకుండా సాగుతుందో గమనిస్తే, అక్కడ ఒకరు ఇంటి ప్రశ్న గురించి, మరొకరు పదవి ప్రశ్న గురించి మాట్లాడుతూ ఉంటారు.

వాదించేవారిని స్థూలంగా రెండు పక్షాలుగా చూడవచ్చు. స్త్రీపురుషులు విలువలో సమానులే గాని దేవుడు వారికి వేర్వేరు బాధ్యతలు ఇచ్చాడనీ, ఇంటిలోనూ సంఘంలోనూ నాయకత్వపు బాధ్యత పురుషునిదనీ చెప్పేవారిది ఒక పక్షం. ఈ పక్షం వాదాన్ని 1987లో అమెరికాలో డాన్వర్స్ ప్రకటన అనే పత్రంలో క్రోడీకరించారు. దీన్ని పరిపూరక వాదం అందాం. దేవుడు వరాలను ఆడ మగ తేడా చూసి పంచలేదనీ, పిలుపు అందుకున్న స్త్రీకి ఏ పరిచర్యా మూసి ఉండకూడదనీ చెప్పేవారిది రెండవ పక్షం. దీన్ని సమానత్వ వాదం అందాం. ఈ రెండు పక్షాల్లోనూ బైబిలును దేవుని వాక్యంగా తలకెత్తుకునేవారు ఉన్నారు. ఒక పక్షం బైబిలును నమ్ముతుందనీ, మరొకటి లోకాన్ని చూసి మారిపోయిందనీ తేల్చివేయడం న్యాయం కాదు.

ఆదికాండములో ‘సాటి’ అన్న మాట

మొదటి అధ్యాయంలో దేవుడు తన స్వరూపమందు నరుని సృజించెననీ, స్త్రీనిగాను పురుషునిగాను వారిని సృజించెననీ ఉంది. భూమిని ఏలుడని చెప్పిన ఆశీర్వాదం ఇద్దరికీ కలిపి చెప్పినదే. ఇంతవరకు పేచీ లేదు. రెండవ అధ్యాయంలో పురుషుడు ముందు, స్త్రీ తరువాత. ఆమె అతనికి ‘సాటియైన సహాయము’. సహాయం అంటే కింద ఉండి అందించేది అన్న అర్థం మనకు వెంటనే తోస్తుంది. కాని అక్కడున్న హెబ్రీ మాట ‘ఎజెర్’ను పాత నిబంధన ఎక్కువసార్లు దేవుని గురించే వాడింది, ‘యెహోవావలననే నాకు సహాయము కలుగును’ అని కీర్తనకారుడు పాడిన చోట ఉన్నదీ ఆ మాటే. పైగా మన అనువాదకులు ‘సాటియైన’ అని రాశారు. సాటి అంటే ఈడుకు ఈడు, జోడుకు జోడు. తెలుగులో ఇంతకన్నా సూటిగా చెప్పే మాట నాకు తెలియదు.

అయితే పరిపూరక వాదులు ఇక్కడ ‘సహాయం’ అన్న మాట ఒక్కదాని మీదే ఆధారపడడం లేదు. ఎవరు ముందు సృజింపబడ్డారన్న వరుసను, సంఘాలకు పత్రికలు రాసిన అపొస్తలుడైన పౌలు తరువాత ప్రస్తావిస్తాడు గనుక ఆ వరుసకు అర్థం ఉందని వారి వాదన. దానికి ఎదుటివారు మూడవ అధ్యాయం చూపిస్తారు. ‘అతడు నిన్ను ఏలును’ అన్న మాట పాపం ప్రవేశించిన తరువాత వచ్చింది, గచ్చపొదలూ చెమటా ప్రసవవేదనా వచ్చిన జాబితాలోనే వచ్చింది గనుక, అది దేవుని ఏర్పాటు కాదు, చెడిపోయిన లోకపు లక్షణం అంటారు. ఏలడం చెడిపోయిన రూపమే గాని ప్రేమతో నడిపించడం అంతకుముందే ఉందని మొదటివారి జవాబు.

ఎఫెసీ పత్రిక: చదువు ఎక్కడ మొదలుపెడతారు?

కడప జిల్లాలో ఒక పెళ్ళిలో నేను దగ్గరగా చూసిన విషయం ఇది. తెల్లచీర కట్టి, తలమీద ముసుగు సర్దుకుంటూ పెళ్ళికూతురు తల వంచుకుని నిలబడి ఉంది. వాక్యం చదివిన పెద్దమనిషి ఎఫెసీ అయిదో అధ్యాయం ఇరవై రెండో వచనం నుంచి మొదలుపెట్టారు. ‘స్త్రీలారా, ప్రభువునకువలె మీ సొంతపురుషులకు లోబడియుండుడి’ అన్నప్పుడు కళ్ళెత్తి అమ్మాయి వైపు చూశారు. ఇరవై అయిదో వచనం వచ్చేసరికి చూపు పుస్తకంలోకి దిగింది, గొంతులో వేగం పెరిగింది, పెళ్ళికొడుకు వైపు ఒక్కసారీ చూడలేదు. ఆయన మంచి మనిషే, కావాలని చేసింది కాదు. అది మనలో పాతుకుపోయిన అలవాటు.

ఆ వచనానికి సరిగ్గా ముందు ఇరవై ఒకటో వచనం ఇలా ఉంది: ‘క్రీస్తునందలి భయముతో ఒకనికొకడు లోబడియుండుడి.’ మనకు దొరికిన అతి ప్రాచీన గ్రీకు ప్రతులు కొన్నింటిలో ఇరవై రెండో వచనానికి సొంత క్రియే లేదు; ‘లోబడి’ అన్న మాట పై వచనం నుంచే తెచ్చుకోవాలి. అంటే భార్యకు చెప్పిన మాట, అందరికీ చెప్పిన మాటకు కొనసాగింపు. సమానత్వ వాదుల ప్రధాన ఆధారం ఇదే. ఒకరికొకరు లోబడాలన్నది మూలసూత్రమనీ, భార్య లోబడడమూ భర్త ప్రాణమిచ్చేంతగా ప్రేమించడమూ దానికే రెండు రూపాలనీ వారంటారు. పరిపూరక వాదులు దీనికి ఇచ్చే జవాబూ బలమైనదే. పౌలు ఆ వెంటనే మూడు జంటలను వరసగా చెప్పాడు: భార్యాభర్తలు, పిల్లలు తలిదండ్రులు, దాసులు యజమానులు. తలిదండ్రులు పిల్లలకు లోబడాలని ఎవరూ అనరు గనుక, ‘ఒకనికొకడు’ అంటే ఎవరు ఎవరికి లోబడాలో వారికి అని అర్థం చేసుకోవాలంటారు. అలాగైతే ‘దాసులారా’ అన్న మాటను బట్టి బానిసత్వాన్ని నిలబెడతామా అని ఎదురు ప్రశ్న. బానిసత్వాన్ని దేవుడు స్థాపించలేదు, వివాహాన్ని స్థాపించాడు. పైగా పౌలు వివాహాన్ని క్రీస్తుకూ సంఘానికీ పోల్చాడు అని మళ్ళీ సమాధానం.

ఇక్కడ తెలుగు పాఠకునికి ఒక సౌలభ్యం ఉంది. భార్యలకు ‘లోబడియుండుడి’ అన్న మన బైబిలు, ఆరో అధ్యాయంలో పిల్లలకూ దాసులకూ ‘విధేయులైయుండుడి’ అంటుంది. గ్రీకులోనూ అవి రెండు వేర్వేరు క్రియలు. మొదటిది తనను తాను ఒక క్రమంలో నిలుపుకోవడం, రెండవది చెప్పినమాట వినడం. భార్యను పిల్లలతోనూ దాసులతోనూ ఒకే గాట కట్టలేదనడానికి ఈ తేడాను చూపిస్తారు. అయితే ఈ తేడాను మరీ సాగదీయకూడదు. 1 పేతురు మూడో అధ్యాయంలో శారా అబ్రాహామును యజమానుడని పిలుచుచు అతనికి ‘లోబడియుండెను’ అని మన అనువాదంలో ఉన్నచోట గ్రీకులో ఉన్నది మాటవినడం అన్న క్రియే. కనుక ఒక్క పదభేదంతో వాదం గెలవాలనుకునేవారు ఈ వచనం దగ్గర ఆగవలసి వస్తుంది.

‘శిరస్సు’ అన్న మాట మీద కూడా ఇలాంటి వివాదమే ఉంది. గ్రీకు ‘కెఫాలే’కు అధికారి అన్న అర్థమా, నది పుట్టినచోటులాగ మూలం అన్న అర్థమా అని పండితులు దశాబ్దాలుగా పాత గ్రంథాలు వెతుకుతున్నారు. ఆ వెతుకులాట అలా ఉంచి, శిరస్సు చేసే పనిగా పౌలు ఎఫెసీలో ఏం చెప్పాడో చూస్తే, అందులో ఆజ్ఞాపించడం లేదు. తన్ను తాను అప్పగించుకోవడం, పోషించడం, సంరక్షించడం ఉన్నాయి. భార్యలకు మూడు వచనాలు, ఆ తరువాతి తొమ్మిది వచనాలు దాదాపు పూర్తిగా భర్తలకే.

ఇంకొక సంగతి స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే దెబ్బలు తిని వచ్చిన ఆడబిడ్డకు ఈ వచనం చదివి వెనక్కి పంపిన సందర్భాలు మన మధ్య ఉన్నాయి. లోబడమన్న మాట భార్యతో చెప్పినది. భార్యను లోబరచుకో అని భర్తతో చెప్పిన వచనం కొత్త నిబంధనలో ఒక్కటీ లేదు. ‘వారిని నిష్ఠురపెట్టకుడి’ అని కొలొస్సయులకు, ‘భార్యను సన్మానించి’ అని పేతురు పత్రికలో ఉంది. పురుషుని నాయకత్వాన్ని గట్టిగా సమర్థించే డాన్వర్స్ ప్రకటన కూడా భర్త పెత్తనం చెలాయించడాన్ని పాపఫలితంగానే లెక్కగట్టింది. గృహహింస చట్టం 2005లో వచ్చింది. దాన్ని ఆశ్రయించిన స్త్రీ వాక్యాన్ని ధిక్కరించినట్టు అని చెప్పడానికి ఈ రెండు పక్షాల్లో ఏ పక్షపు వ్యాఖ్యానంలోనూ ఆధారం లేదు.

కొరింథులో ప్రార్థించే స్త్రీ, మౌనంగా ఉండే స్త్రీ

1 కొరింథీయులకు పద్నాలుగో అధ్యాయంలో ‘స్త్రీలు సంఘములలో మౌనముగా ఉండవలెను’ అని ఉంది. అదే పత్రిక పదకొండో అధ్యాయంలో స్త్రీ తలమీద ముసుకు వేసికొనక ప్రార్థన చేయకూడదు, ప్రవచించకూడదు అని ఉంది. మన సంఘాల్లో ‘ప్రార్థన చేద్దాం’ అన్న మాట వినబడగానే చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళ చీరకొంగులన్నీ ఒక్కసారిగా తలమీదికి లేస్తాయి. రెండు వేల ఏళ్ళనాటి కొరింథు వచనం ఉరవకొండలోనూ ప్రొద్దుటూరులోనూ ఇంకా ఇలా బతికి ఉంది. కాని ఆ వచనం ముసుగు వేసుకోమన్నది నోరు మూసుకుని కూర్చున్న స్త్రీని కాదు, కూడికలో ప్రార్థిస్తున్న, ప్రవచిస్తున్న స్త్రీని. ఆమె మాట్లాడుతుందన్న సంగతిని పౌలు తప్పుపట్టలేదు, ఎలా మాట్లాడాలో చెప్పాడు.

మరి మూడు అధ్యాయాల తరువాత మౌనం ఎక్కడిది? దీనికి ప్రధానంగా మూడు వివరణలున్నాయి. పై వచనాల్లో ప్రవచనాలను వివేచించాలని ఉంది గనుక, మౌనం ఆ తీర్పు చెప్పే సమయానికే పరిమితమని కొందరు పరిపూరక వాదులు అంటారు. తరువాతి వచనంలో ‘ఇంట తమ తమ భర్తల నడుగవలెను’ అని ఉంది గనుక, కూడిక మధ్యలో లేచి ప్రశ్నలు వేసే అలవాటును ఆపాడని మరికొందరు. మూడవ వివరణ ప్రతులను బట్టి వచ్చింది. కొన్ని పాత ప్రతుల్లో ఈ రెండు వచనాలు అధ్యాయం చివర, నలభయ్యో వచనం తరువాత ఉన్నాయి. అలా స్థానం మారింది గనుక ఎవరో అంచున రాసుకున్న మాట తరువాత లోపలికి చేరిందని కొందరు పండితులు భావిస్తారు. అయితే ఈ వచనాలు అసలే లేని ప్రతి ఒక్కటీ దొరకలేదన్నది దానికి గట్టి అభ్యంతరం. ఆ కారణం చేత ఈ మూడవ వివరణ మీద ఎక్కువ బరువు వేయడం నాకు సరిగా తోచదు. మొదటి రెండింటిలో ఏది తీసుకున్నా పదకొండో అధ్యాయపు స్త్రీకి మాట్లాడే చోటు మిగిలే ఉంటుంది.

తిమోతికి రాసిన ఆ రెండు వచనాలు

పదవి ప్రశ్న అంతా చివరికి 1 తిమోతి 2:11, 12 దగ్గరికే చేరుతుంది. స్త్రీ మౌనంగా ఉండి సంపూర్ణ విధేయతతో నేర్చుకోవాలని, ఉపదేశించడానికైనా పురుషునిమీద అధికారం చేయడానికైనా సెలవియ్యనని అక్కడ ఉంది.

పరిపూరక వాదుల చదువు సూటిగా ఉంటుంది. ఉపదేశించడం, అధికారం చేయడం అనే రెండు పనులు తరువాతి అధ్యాయంలో చెప్పిన అధ్యక్షుని పనులే. ఆ అధ్యక్షుడు ‘ఏకపత్నీ పురుషుడు’ కావాలని ఉంది. కారణం చెప్పేటప్పుడు పౌలు ఎఫెసు పట్టణపు గొడవల దగ్గర ఆగలేదు, ఆదాము ముందు నిర్మింపబడెను అని సృష్టి దాకా వెళ్ళాడు. స్థానిక సమస్యకు తాత్కాలిక మందు అయితే సృష్టిని సాక్ష్యం పిలవవలసిన అవసరమేమిటని వారడుగుతారు. ఇది తేలికగా కొట్టిపారేసే ప్రశ్న కాదు.

సమానత్వ వాదులు నాలుగైదు చోట్ల ఆగి చూడమంటారు. ఇక్కడ ఆజ్ఞ రూపంలో ఉన్నది నేర్చుకోనివ్వమన్న మాట; లేఖనం నేర్చుకోవడం పురుషుల పనిగా ఉన్న కాలంలో అదే పెద్ద మార్పు. ‘మౌనము’ అన్నచోట ఉన్న గ్రీకు మాట పెదవి విప్పకపోవడానికి పరిమితం కాదు. విశ్వాసులందరూ నెమ్మదిగాను సుఖముగాను బ్రతకాలని అదే అధ్యాయం రెండో వచనంలో చెప్పినప్పుడు వాడినది దాని చుట్టమే. ‘అధికారము చేయుట’ అని మనం చదివే ‘ఔథెంతేయిన్’ అన్న క్రియ కొత్త నిబంధన మొత్తంలో ఒక్కసారే, ఇక్కడే వస్తుంది. పౌలు అధికారం గురించి మామూలుగా వాడే మాట ఇది కాదు. పెత్తనం లాక్కోవడం అన్న ఛాయ అందులో ఉందని వారు, మామూలు అధికారమేనని ఎదుటివారు వాదిస్తున్నారు. ఇక తిమోతి ఉన్నది అర్తెమి దేవి గుడి ఉన్న ఎఫెసులో. తప్పుడు బోధ అక్కడ ఇళ్ళలోకి చొరబడి స్త్రీలను లోబరచుకుంటున్నదని ఈ పత్రికలే చెబుతున్నాయి. మోసపోయిన హవ్వ ప్రస్తావన అందుకే వచ్చిందనీ, నేర్చుకోకముందే బోధించవద్దన్నదే సారాంశమనీ వారి చదువు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది ఈ వచనాల ఇరుగుపొరుగు. తొమ్మిదో వచనం జడలతోనైనను బంగారముతోనైనను ముత్యములతోనైనను అలంకరించుకోవద్దంటుంది. పదిహేనో వచనం శిశుప్రసూతి ద్వారా ఆమె రక్షింపబడుతుందంటుంది. మన ప్రాంతంలో కొన్ని పెంతెకోస్తు సంఘాల సహోదరీలు తొమ్మిదో వచనాన్ని అక్షరాలా పాటించి మెడలో పూసైనా లేకుండా తిరుగుతారు. అవే సంఘాల్లో కొన్నింట సహోదరి నిలబడి వాక్యం చెబుతుంది. మరికొన్ని సంఘాల్లో పన్నెండో వచనం అక్షరాలా అమలవుతుంది, బంగారం మాత్రం నిండుగా ఉంటుంది. పదిహేనో వచనాన్ని అక్షరాలా తీసుకునేవారు ఎవరూ లేరు. పిల్లలు లేని విశ్వాసికి రక్షణ లేదని ఏ పాస్టరూ అనరు. ఒకే పేరాలో ఏ వచనం ఎల్లకాలానికీ, ఏది ఆ కాలానికీ అని నిర్ణయిస్తున్నప్పుడు అందరమూ వ్యాఖ్యానం చేస్తూనే ఉన్నాం. ఆ వ్యాఖ్యానానికి కారణం చెప్పగలగాలి.

తెలుగు వ్యాకరణం కూడా ఇక్కడ ఒక చెయ్యి వేసింది. మూడో అధ్యాయం మొదట ‘ఎవడైనను అధ్యక్షపదవిని ఆశించినయెడల’ అని చదువుతాం. గ్రీకులో ఆ చోట ఉన్న సర్వనామానికి ఆడ మగ తేడా లేదు. మన భాషలో ‘ఎవడైనను’ అనగానే మగవాడు నిలబడతాడు. అయితే ‘ఏకపత్నీ పురుషుడు’ అన్నది గ్రీకులోనూ పురుషుని గురించిన మాటే. అదే షరతు పరిచారకులకూ ఉంది, అయినా ఫీబేను పరిచారకురాలు అన్నారు కదా అని సమానత్వ వాదులు గుర్తుచేస్తారు.

రోమా పదహారులో పలకరింపులు

పలకరింపుల జాబితా అని మనం గబగబా దాటిపోయే ఆ అధ్యాయంలో కనీసం పదిమంది స్త్రీలున్నారు. మొదటి పేరు ఫీబే, కెంక్రేయ సంఘ ‘పరిచారకురాలు’. గ్రీకులో ‘డియాకొనోస్’. ఫిలిప్పీ పత్రిక మొదట్లో ‘అధ్యక్షులకును పరిచారకులకును’ అన్నచోట ఉన్నదీ, పౌలు తనను గురించీ తోటి బోధకుడు అపొల్లోను గురించీ ‘పరిచారకులే’ అన్నచోట ఉన్నదీ ఇదే మాట. మన అనువాదకులు మూడుచోట్లా ఒకే పదం ఉంచి మేలు చేశారు. కాని ఇప్పటి చెవికి పరిచారకులు అంటే సంఘంలో ఒక హోదా, పరిచారకురాలు అంటే ఊడ్చి నీళ్ళు పెట్టే మనిషి. మాట మారలేదు, వినే మనం మారాం.

ప్రిస్కిల్ల అకులల పేర్లు కొత్త నిబంధనలో ఆరుసార్లు జంటగా వస్తే నాలుగుసార్లు ఆమె పేరే ముందుంది. అపొల్లోను ఇంటికి తీసుకువెళ్ళి దేవుని మార్గం మరి పూర్తిగా విశదపరచినది ఆ ఇద్దరూ. అది ఇంటిలో చెప్పిన మాట, సంఘ వేదిక మీద కాదు అని పరిపూరక వాదులంటే, అప్పటి సంఘాలే ఇళ్ళల్లో ఉండేవని ఎదుటివారంటారు.

ఏడో వచనంలో అంద్రొనీకుకును యూనీయకును వందనములు, వీరు అపొస్తలులలో ప్రసిద్ధికెక్కినవారు అని ఉంది. యూనీయ ఆడో మగో తెలుగు వాక్యంలో తెలియదు. నాలుగో శతాబ్దంలో యోహాను క్రిసోస్తొం ఆమెను స్త్రీగానే చదివి మెచ్చుకున్నాడు. తరువాతి కాలంలో కొందరు ఆ పేరును పురుషనామంగా మార్చి చదివారు. ఇప్పుడు రెండు పక్షాల్లోనూ ఎక్కువమంది స్త్రీ అనే ఒప్పుకుంటున్నారు. మిగిలిన వాదం, ఆమె అపొస్తలులలో ఒకరా, అపొస్తలులకు బాగా తెలిసిన మనిషా అన్నది. పాత నిబంధనలో దెబోరా ఇశ్రాయేలుకు న్యాయాధిపతి, ధర్మశాస్త్ర గ్రంథం దొరికినప్పుడు రాజు మనుషులు వెళ్ళి అడిగినది ప్రవక్త్రియైన హుల్దాను. ఇవన్నీ నిజమేగాని యాజకులంతా పురుషులే, పన్నెండుమంది శిష్యులూ పురుషులే అని పరిపూరక వాదులు ముగిస్తారు.

మన జిల్లాల్లో ఏ సంఘం ఎక్కడ నిలబడింది

కడప కేంద్రంగా ఉన్న సీఎస్‌ఐ రాయలసీమ డయోసిస్‌కు, అంటే ఒక బిషప్పు కింద ఉండే సంఘాల ప్రాంతానికి, మూలం లండన్ మిషన్. ఆ మిషన్ వెనుక ఉన్న కాంగ్రిగేషనల్ సంఘం ఇంగ్లండులో 1917లోనే కాన్‌స్టన్స్ కోల్ట్‌మన్ అనే స్త్రీని పాస్టరుగా అభిషేకించింది. నంద్యాల మాత్రం ఆంగ్లికన్ మిషన్ పొలం. 1947లో సీఎస్‌ఐ ఏర్పడినప్పుడు అక్కడివారు వెంటనే కలవలేదు, 1970లలో కలిశారు. ఇంగ్లండు ఆంగ్లికన్లు స్త్రీలను గురువులుగా అభిషేకించినది 1994లో. సీఎస్‌ఐలో అది 1976లోనే మొదలైంది. ఆలస్యంగా వచ్చి కలిసిన నంద్యాలే చివరికి తొలి మహిళా బిషప్పును చూసింది. అంతకుముందు చాలా కాలం ఊరూరా తిరిగి ఆడవాళ్ళకు అక్షరాలూ వాక్యమూ నేర్పిన బైబిల్ ఉమెన్ ఉన్నారు. వారికి జీతం ఉండేది, బాధ్యత ఉండేది, అభిషేకం ఉండేది కాదు.

కర్నూలు, కడప కతోలిక పీఠాల్లో పరిస్థితి వేరు, కారణమూ వేరు. అక్కడి వాదం భార్య లోబడడం గురించినది కాదు. క్రీస్తు పన్నెండుమంది పురుషులను ఎన్నుకున్నాడు గనుక స్త్రీలకు గురుపట్టం ఇచ్చే అధికారం శ్రీసభకు లేదని రెండవ జాన్ పాల్ పోపు 1994లో ప్రకటించారు. బడులూ ఆసుపత్రులూ నడిపే సిస్టర్లకు ఎంత అధికారం ఉన్నా బలిపీఠం దగ్గర ఆ గీత అలాగే ఉంది.

కర్నూలులో అమెరికన్ బాప్తిస్టు మిషన్ నాటిన సంఘాల పద్ధతిలో ప్రతి సంఘమూ తన నిర్ణయం తానే తీసుకోగలదు. అమెరికాలోని సదరన్ బాప్తిస్టులు వేరే శాఖ. వారు స్త్రీని పాస్టరుగా ఒప్పుకోరు. దాన్ని ఇంకా బిగించి నిబంధనావళిలో చేర్చాలన్న ప్రతిపాదనకు 2024లో మూడింట రెండు వంతుల ఓట్లు రాలేదు. బ్రదరెన్ సంఘాల్లో సహోదరీలు కూడికలో మౌనంగా ఉంటారు. పెంతెకోస్తువారు ‘మీ కుమారులును మీ కుమార్తెలును ప్రవచించెదరు’ అన్న వాగ్దానాన్ని ముందు పెట్టుకుంటారు గనుక వరం ఉన్న స్త్రీకి చోటిస్తారు, పదవి దగ్గర మాత్రం అందులోనూ భేదాలున్నాయి.

మళ్ళీ ఆ చాప మీదికి

ఉరవకొండ వైపు పల్లెలో పెద్దలు ఇంకా లేవలేదు. మొదటి పెద్ద చదువు ప్రకారం పాస్టరమ్మ స్త్రీలకూ పిల్లలకూ బోధించవచ్చు, తీతు పత్రిక వృద్ధస్త్రీలను అలా చేయమనే అంటుంది. ఆదివారానికి పక్క ఊరి నుంచి ఒక సహోదరుణ్ణి పిలవాలి. మధ్యస్థంగా ఉన్న మరొక పెద్ద చదువు ప్రకారం ఆమె ప్రవచించే స్త్రీలాగ పెద్దల అనుమతితో మాట్లాడవచ్చు, పాస్టరు పదవి మాత్రం ఇవ్వకూడదు. రోమా పదహారు తెరిచిన పెద్ద చదువు ప్రకారం ఇరవై ఏళ్ళుగా దేవుడు వాడుకున్న మనిషిని అభిషేకించడమే మిగిలింది. పెళ్ళిళ్ళ సంగతి వేరు; దానికి 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం కింద లైసెన్సు కావాలి, అది చాప మీద తేలేది కాదు.

ఇలాంటి చోట్ల తరచు జరిగేది ఒకటుంది. పాస్టరమ్మ ప్రసంగ వేదిక ఎక్కరు. దాని పక్కన నేలమీద, మైకు చేత్తో పట్టుకుని నిలబడి, ‘ఒక చిన్న సాక్ష్యం చెబుతాను’ అని మొదలుపెడతారు. నలభై నిమిషాలు మాట్లాడతారు. అందులో మూడు లేఖన భాగాలుంటాయి, వాటి వివరణ ఉంటుంది, హెచ్చరిక ఉంటుంది, మగవాళ్ళు కూడా తలవంచుకుని వింటారు. దాన్ని ప్రసంగం అని ఎవరూ అనరు. సాక్ష్యానికీ ప్రసంగానికీ మధ్య ఆ ఒక్క మెట్టు ఎత్తు ఉంది, 1 తిమోతి 2:12 అమలవుతున్నది ఆ మెట్టు దగ్గరే.

మొదటి ఆదివారం వచ్చినప్పుడు ఆ సర్దుబాటు కూడా చాలదు. తెల్లగుడ్డ ఉతికి ఇస్త్రీ చేసి బల్ల మీద పరచేది పాస్టరమ్మే. రొట్టె చేసేదీ ఆమే. దాన్ని విరిచి ఇవ్వడానికి మాత్రం పక్క ఊరి పాస్టరుగారు మోటారుసైకిలు మీద రావాలి, ఆయన రాకపోతే ఆ నెల బల్ల ఉండదు. అన్నిటికన్నా గట్టిగా గీసిన గీత ఇది. ఇంతసేపూ చూసిన ఎఫెసీ, కొరింథీ, తిమోతి వచనాల్లో స్త్రీ బల్ల ఇవ్వకూడదన్న మాట లేదు. అసలు ప్రభురాత్రి భోజనంలో రొట్టె ఎవరు విరిచి ఇవ్వాలో కొత్త నిబంధన ఎక్కడా చెప్పలేదు.